హజ్రత్ మూసా (అలైహిస్సలాం): కర్ర గుర్తుంది, పలకలు గుర్తున్నాయా?

మన నగరం నడుమ పారే మూసీ నదికి ఆ పేరు ఎలా వచ్చిందని అడిగితే పాతబస్తీ పెద్దలు చెప్పే మాట ఒకటి ఉంది. పైన రెండు ఏరులున్నాయి, ఒకటి మూసా, ఇంకొకటి ఈసా. ఆ రెండూ లంగర్ హౌజ్ దగ్గర కలిసి మూసీ అయినాయి అంటారు. ఇద్దరు పైగంబర్ల పేర్లు ఒకే నీటిలో కలిసిన ఊరు మనదని సంతోషంగా చెప్పుకుంటారు. పండితులేమో దీని ప్రాచీన నామం ముచుకుంద అని వ్రాశారు. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి, సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుందీ నది. మూసీ మీద ఉస్మాన్ సాగర్, ఈసీ మీద హిమాయత్ సాగర్ కట్టారు. పేరు ఏ దారిన వచ్చినా, జనం నోట నిలిచింది మాత్రం హజ్రత్ మూసా (అ) పేరే. రోజూ ఆ పేరు పలుకుతూ వంతెనలు దాటే మనం, ఆ మహనీయుడు ఎవరు, లోకానికి ఏమిచ్చి వెళ్ళారు అని ఒకసారి నిదానంగా ఆలోచించుకోవడం మంచిది. ఆ ఉద్దేశంతోనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్ళం. తరగతిలో మూసా (అ) ఎవరు అని అడిగితే అన్ని చేతులూ లేస్తాయి. కర్ర పామైంది సార్, సముద్రం చీలింది సార్, ఫిరౌను మునిగిపోయాడు సార్ అని ఒకరిని మించి ఒకరు అరుస్తారు. సరే, తూర్ పర్వతం మీది నుంచి ఆయన తెచ్చిన పలకల మీద ఏముంది అని అడిగితే లేచిన చేతులన్నీ మెల్లగా దిగిపోతాయి. పిల్లల్ని అనడమెందుకు, పెద్దలమూ అంతే గదా.

మన పక్కనే ఫిలింనగర్ ఉంది గనుక సినిమా సంగతి కూడా చెప్పుకుందాం. 1956లో సెసిల్ బి. డిమిల్ అనే అమెరికా దర్శకుడు మూసా కథను 'ది టెన్ కమాండ్‌మెంట్స్' పేరుతో తీశాడు. పేరుకు అది పది ఆజ్ఞల సినిమా. ఆస్కారు బహుమానం వచ్చింది మాత్రం స్పెషల్ ఎఫెక్ట్స్‌కు. చూసినవాళ్ళను అడగండి, సముద్రం రెండుగా చీలిన సంగతి చెబుతారు; పది ఆజ్ఞలు వరసగా చెప్పగలవారు ఎంతమంది? అద్భుతం కంటికి ఆనుతుంది, చట్టం ఆనదు. అదే మా బాధ.

నదిలో వదిలిన బిడ్డ

ఖుర్ఆన్ షరీఫ్‌లో అందరికంటె ఎక్కువసార్లు పేరు వచ్చే పైగంబరు మూసాయే. 136 చోట్ల ఆయన పేరు కనబడుతుంది. సూరా ఖసస్, సూరా తాహా, సూరా ఆరాఫ్, సూరా షుఅరా, సూరా బఖరా ఇలా ఎన్నో సూరాలలో ఆయన కథ ముక్కలు ముక్కలుగా వస్తుంది. యూదులు, క్రైస్తవులు మోషే అనే పేరుతో ఆయనను గౌరవిస్తారు. వారి గ్రంథాలలో మొదటి అయిదు కాండములు ఆయనవే అని వారి విశ్వాసం.

ఈజిప్టు దేశంలో బనీ ఇస్రాయీల్ వారు బానిసలు. వారి సంఖ్య పెరిగితే తన సింహాసనానికి ముప్పు అని భయపడిన ఫిరౌను, పుట్టిన మగబిడ్డలను చంపమని ఆజ్ఞాపించాడు. అట్టి సమయంలో పుట్టాడు ఈ బిడ్డ. తల్లి గుండె రాయి చేసుకుని, బిడ్డను పెట్టెలో పెట్టి నదిలో వదిలింది. అక్క గట్టు వెంట నడుస్తూ ఎవరి కంటా పడకుండా గమనించింది. ఫిరౌను భార్య ఆ బిడ్డను చూసి, చంపవద్దని అడ్డుపడింది. మన పెద్దలు ఆమెను బీబీ ఆసియా అంటారు. బైబిలులో మాత్రం బిడ్డను తీసుకున్నది ఫిరౌను కుమార్తె. బిడ్డ ఏ దాది పాలూ తాగలేదు. అప్పుడు అక్క ముందుకు వచ్చి, నాకు తెలిసిన ఒక ఇల్లుంది అని చెప్పి, బిడ్డను తిరిగి కన్నతల్లి ఒడికే చేర్చింది.

ఇక్కడ మన ఆడబిడ్డలు ఒక సంగతి గమనించాలి. ఆనాటి మహాసామ్రాజ్యం ఒక పసివాడిని చంపాలని చూస్తే, ఒక తల్లి, ఒక అక్క, ఒక రాణి కలిసి బ్రతికించారు. వారి చేతుల్లో కత్తి లేదు, అధికారం లేదు. ఉన్నది తెలివీ, ధైర్యమూ.

మద్యన్ దేశంలో కూలి ఒప్పందం

రాజభవనంలో పెరిగి పెద్దవాడైన మూసా ఒకనాడు పట్నంలో ఇద్దరు కొట్లాడుకోవడం చూశాడు. ఒకడు తన జాతివాడు, ఇంకొకడు ఫిరౌను జాతివాడు. తన వాడికి సాయం చేయబోయి గుద్దిన ఒక్క గుద్దుకు అవతలివాడు ప్రాణం విడిచాడు. చంపాలనే ఉద్దేశం లేదు, అయినా ప్రాణం పోయింది. మూసా వెంటనే అల్లాహ్‌ను క్షమాభిక్ష కోరాడు. తనను చంపడానికి ఆలోచిస్తున్నారని తెలిసి ఊరు విడిచి మద్యన్ దేశం చేరాడు.

అక్కడ బావి దగ్గర కాపరులు గుమిగూడి మందలకు నీళ్ళు పెడుతున్నారు. ఇద్దరు ఆడపిల్లలు తమ గొర్రెలను అదిలించుకుంటూ దూరంగా నిలబడ్డారు. తండ్రి ముసలివాడు, కాపరులు వెళ్ళేదాకా మేము నీళ్ళు పెట్టలేం అన్నారు. మూసా వెళ్ళి వారి మందకు నీళ్ళు పెట్టి, ఏమీ అడగకుండా నీడలో కూర్చున్నాడు. తర్వాత ఆ తండ్రి పిలిపించి ఒక ఒప్పందం చేసుకున్నాడు. ఎనిమిదేళ్ళు నా దగ్గర పని చెయ్యి, పది చేస్తే నీ ఇష్టం, నిన్ను కష్టపెట్టను, నా కుమార్తెను నీకిచ్చి నికాహ్ చేస్తాను అన్నాడు. మూసా సరేనని, రెండు గడువుల్లో ఏది పూర్తి చేసినా నామీద ఒత్తిడి ఉండకూడదని మాట తీసుకున్నాడు.

ఖుర్ఆన్ షరీఫ్ ఈ ఒప్పందాన్ని ఇంత వివరంగా ఎందుకు చెప్పింది? రేపు ఒక జాతికి చట్టం తేబోయేవాడు ముందు తానే కూలివాడై, గడువూ షరతూ మాట్లాడుకుని పని చేసినాడు. రాజభవనంలో నేర్వనిది గొర్రెల వెంట నేర్చాడు. మనం ఉంటున్న ఈ బంజారా హిల్స్‌కు పేరిచ్చిన వారు కూడా పశువుల మీద ధాన్యం, ఉప్పు మోయించుకుంటూ దేశమంతా తిరిగిన బంజారాలే. 1930లలో నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ గారు ఇక్కడి రాళ్ళ నడుమ ఇల్లు కట్టుకునే నాటికి ఈ కొండల మీద ఉన్నది వారి తండాలే. ఈనాడు అద్దాల మేడలు లేచిన చోట ఆనాడు మందలు మేసేవి. మంద కాచే మనిషిని చిన్నచూపు చూడరాదని మూసా కథ చెబుతుంది.

మాట తడబడే మనిషి, మాట వినని రాజు

గడువు తీరాక కుటుంబంతో వెళుతుండగా తూర్ పర్వతం వైపు నిప్పు కనబడింది. దగ్గరకు వెళ్ళగా, పాదరక్షలు విప్పమనీ, ఇది పవిత్ర లోయ అనీ పిలుపు వచ్చింది. పైగంబరీ అక్కడ లభించింది. ఫిరౌను దగ్గరకు వెళ్ళమని ఆజ్ఞ అయింది. అప్పుడు మూసా ధనం అడగలేదు, సైన్యం అడగలేదు. నా గుండెను విశాలం చెయ్యి, నా నాలుక ముడి విప్పు, నా అన్న హారూన్ నాకంటె బాగా మాట్లాడగలడు, ఆయనను తోడివ్వు అని దుఆ చేశాడు.

బడిలో వెనక బెంచీ మీద, మాట తడబడుతుందని సిగ్గుపడి తల వంచుకునే పిల్లవాడు ఎప్పుడూ ఒకడుంటాడు. వాడికి ఈ కథ తప్పక చెప్పాలి. అల్లాహ్‌తో మాట్లాడినవాడు, కలీముల్లాహ్ అనే బిరుదు పొందినవాడు, మనుషుల ముందు మాట తడబడుతుందని దిగులుపడినవాడే. ఫిరౌనుతో సైతం మృదువుగా మాట్లాడమని ఆ అన్నదమ్ములకు ఆజ్ఞ అయిందని కూడా మరువరాదు.

ఫిరౌను మాంత్రికులను పిలిపించాడు. పండుగ దినాన, పొద్దెక్కిన వేళ, జనం అందరి ఎదుట పోటీ. మాంత్రికులు ముందే, గెలిస్తే మాకేం బహుమానం అని బేరమాడుకున్నారు. మూసా కర్ర వారి మాయనంతా మింగేసరికి వాళ్ళే సజ్దాలో పడిపోయారు. కాళ్ళు చేతులు నరికి శిలువ వేస్తానని ఫిరౌను బెదిరించినా వెనక్కి తగ్గలేదు. పొద్దున కూలి కోసం వచ్చినవారు ఆ పూటకే సత్యం కోసం ప్రాణమివ్వడానికి సిద్ధమైనారు. తొమ్మిది సూచనలు చూసినా ఫిరౌను మారలేదు. చివరకు మూసా తన జాతిని రాత్రివేళ తీసుకుని బయలుదేరాడు, సముద్రం దారి ఇచ్చింది, వెంటబడిన ఫిరౌను సైన్యంతో సహా మునిగిపోయాడు.

మనవాళ్ళు చాలామంది కథను ఇక్కడ ముగిస్తారు. ప్రతి ఫిరౌనుకూ ఒక మూసా ఉంటాడని ఉర్దూలో సామెత కూడా ఉంది. ఆ సామెత చెప్పుకుని, మన కష్టం తీర్చే మూసా ఎప్పుడు వస్తాడా అని ఎదురుచూస్తూ కూర్చుంటాం. కాని అసలు కథ సముద్రం అవతలి గట్టున మొదలవుతుంది.

సముద్రం దాటిన తర్వాత

గట్టెక్కి ఎక్కువ కాలం కాలేదు. దారిలో విగ్రహాలను పూజించేవారిని చూసి, మాకూ అట్టి దేవుడిని చేసిపెట్టు అని మూసానే అడిగారు ఆ జనం. ఆయన తూర్ పర్వతం మీద నలభై రాత్రులు ఉండి, ఉపదేశమూ ధర్మవివరణా వ్రాసిన పలకలు తీసుకుని దిగేసరికి, నగలు కరిగించి పోత పోసిన దూడ చుట్టూ మూగి ఉన్నారు. ఖుర్ఆన్ షరీఫ్ ప్రకారం ఆ పని చేసింది సామిరీ. హారూన్ (అ) వద్దని చెప్పినా వినలేదు. బైబిలు కథనంలో దూడను పోత పోయించింది హారూనే. మన విశ్వాసంలో ఒక పైగంబరు అట్టి పని చేయడు. మూసా కోపంతో పలకలు పడవేశాడు, అన్న గడ్డం పట్టుకున్నాడు. తర్వాత కోపం చల్లారాక ఆ పలకలను తిరిగి చేతిలోకి తీసుకున్నాడు.

పవిత్ర భూమిలో ప్రవేశించమంటే, అక్కడివారు బలవంతులు, నువ్వూ నీ ప్రభువూ వెళ్ళి పోరాడండి, మేమిక్కడే కూర్చుంటాం అన్నారు. ఫలితం నలభై ఏళ్ళ సంచారం. సముద్రం దాటింది ఒక్క పూటలో. స్వేచ్ఛగా బ్రతకడం నేర్వడానికి ఒక తరం గడిచిపోయింది. వారిలోనే ఖారూన్ అనే ధనవంతుడూ ఉన్నాడు. అతని ఖజానా తాళపుచెవులు మోయడానికే బలశాలుల గుంపు కావాలి. ఈ సంపద నా తెలివితో సంపాదించింది అన్నాడు. భూమి అతనినీ అతని ఇంటినీ మింగింది. ఖారూన్ ఖజానా అని మనం మాటవరసకు అంటుంటాం, అతడు ఫిరౌను జాతివాడు కాడు, మూసా జాతివాడే అన్న సంగతి గుర్తుంచుకోం.

పలకల మీద ఏముంది?

పది ఆజ్ఞల సారం ఇది. దేవుడు ఒక్కడే, ఆయనకు సాటి లేదు, విగ్రహాలు చేయరాదు, దేవుని పేరు వృథాగా వాడరాదు, వారానికొక దినం విశ్రాంతి, అది పనివాడికీ పశువుకూ కూడా, తల్లిదండ్రులను గౌరవించాలి, హత్య, వ్యభిచారం, దొంగతనం, అబద్ధ సాక్ష్యం కూడవు, పరుల సొత్తు ఆశించరాదు. మన సూరా అన్‌ఆమ్ 151 నుంచి 153 వరకు ఆయతులు చదివితే చాలావరకు ఇవే ఉపదేశాలు కనబడతాయి. పైగా అనాథ ఆస్తి ముట్టరాదనీ, తూకం సరిగా ఉండాలనీ కూడా ఉంది.

ఈనాడు యూద, క్రైస్తవ సోదరుల చేతుల్లో ఉన్న మోషే కాండములను తెరిచి చూస్తే ఇంటికీ వీధికీ పనికొచ్చే చట్టాలు ఎన్నో ఉన్నాయి. కూలివాడి కూలి ఆనాడే, పొద్దు గూకక ముందే ఇవ్వాలి, ఎందుకంటే వాడు దానిమీదే ఆశపెట్టుకుని ఉంటాడు. సంచిలో పెద్ద రాయి ఒకటి, చిన్న రాయి ఒకటి రెండు రకాల తూకపు రాళ్ళు ఉండకూడదు. పంట కోసేటప్పుడు చేను అంచులు వదిలిపెట్టాలి, రాలిన పరిగ పేదలకూ పరదేశులకూ చెందాలి. కొత్త ఇల్లు కడితే మిద్దెకు పిట్టగోడ కట్టాలి, ఎవరైనా జారిపడి చస్తే ఆ రక్తం ఇంటివాడి మీద ఉంటుంది. ఇంచుమించు మూడువేల ఏళ్ళ నాటి గ్రంథంలో పిట్టగోడకు సైతం చోటు దొరికింది చూడండి.

తెలియక ఒకరి ప్రాణం తీసినవాడు పగవారికి చిక్కకుండా పారిపోయి తలదాచుకోవడానికి ఆరు ఆశ్రయపురములు ఏర్పాటు చేశారు. ఉద్దేశించి చంపినవాడికి అక్కడ చోటు లేదు. ఒకనాడు ఒక్క గుద్దుకు ప్రాణం పోయి, ఊరు విడిచి పారిపోయిన మనిషి ద్వారానే ఈ చట్టం రావడంలో ఎంత అర్థముందో!

సెలోపెహాదు అనే ఆయన మగపిల్లలు లేకుండా చనిపోయాడు. ఆయనకు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అని అయిదుగురు కుమార్తెలు. వాళ్ళు సభ అందరి ఎదుట నిలబడి, మా తండ్రి పేరు ఎందుకు మాసిపోవాలి, మాకూ వాటా ఇవ్వండి అని అడిగారు. మూసా తనంతట తీర్పు చెప్పక దేవుని ముందు పెట్టాడు. ఆ ఆడబిడ్డల మాట న్యాయమే, వాటా ఇవ్వాలి అని ఆజ్ఞ వచ్చింది.

ఇంకొక్క సంగతి. మూసాకు ముందే బాబిలోను రాజు హమ్మురాబి, క్రీ.పూ. 1750 ప్రాంతంలో, రాతి మీద చట్టాలు చెక్కించాడు. ఆ రాయి 1901లో ఇరాను దేశంలోని సూసాలో బయటపడి ఇప్పుడు పారిస్ నగరంలోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అందులో పారిపోయిన బానిసకు ఇంట్లో చోటిచ్చినవాడికి మరణశిక్ష. మోషే కాండంలోనో, యజమాని నుంచి తప్పించుకుని నీ దగ్గరకు వచ్చిన బానిసను తిరిగి అప్పగించరాదు, అతడికి నచ్చిన ఊళ్ళో ఉండనివ్వాలి. ఒక చట్టం రాజు వ్రాయించింది; ఇంకొకటి బానిసత్వం నుంచి బయటపడ్డ జాతికి వచ్చింది. తేడా అక్కడే ఉంది. అంతేకాదు, రాజైనవాడు ఈ ధర్మశాస్త్రానికి తన కోసం నకలు వ్రాయించుకుని బ్రతికినంత కాలం చదువుకోవాలి, తన సోదరుల కంటె తాను ఎక్కువని గర్వించరాదు అని కూడా అందులో ఉంది. ఫిరౌను మాటే చట్టమైన దేశం నుంచి వచ్చినవారికి, చట్టం కింద రాజు అనే మాట ఎంత కొత్తదో ఆలోచించండి.

ఆయన ఒక్కడే అన్నీ చేయలేదు కూడా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తగవులు తీరుస్తూ అలసిపోతుంటే మామ యిత్రో చూసి, ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు, లంచం ముట్టని దైవభీతి గలవారిని వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి పెద్దలుగా నియమించు, పెద్ద తగవులే నీ దాకా రానివ్వు అని సలహా ఇచ్చాడు. పైగంబరైన అల్లుడు ఆ సలహా పాటించాడు. ఈనాటి సొసైటీలు, కమిటీలు నడిపేవారికి ఇంతకంటె మంచి పాఠం ఉందా?

బైబిలు చెప్పిన ప్రకారం 120వ ఏట, నెబో కొండ మీది నుంచి ఆ భూమిని కంటితో చూసి, అందులో కాలు పెట్టకుండానే ఆయన కన్నుమూశారు. ఆయన సమాధి ఎక్కడో ఎవరికీ తెలియదని వ్రాసి ఉంది. సమాధి మీద గుమ్మటం లేదు, వెనక మిగిలింది చట్టం.

చరిత్ర పుటల్లోనూ, మన తెలుగు నేల మీదనూ

ఈజిప్టు రాజుల శాసనాలలో మూసా పేరు కనబడదు. ఓడిన సంగతి రాతి మీద చెక్కించుకునే రాజు ఎక్కడా ఉండడు గదా. అయితే మెర్నెప్తా అనే ఫిరౌను క్రీ.పూ. 1208 ప్రాంతంలో వేయించిన విజయశాసనం ఒకటి 1896లో బయటపడింది. అందులో ఇస్రాయేలు అనే జనం పేరు ఉంది. ఈజిప్టు రాతల్లో ఆ పేరుకు దొరికిన మొదటి ఆధారం అదే. నేను వారిని నాశనం చేశాను అన్నట్లు ఆ రాజు చెక్కించాడు. ఆ రాజవంశం ఈనాడు లేదు, ఆ జనం ఉన్నారు.

మూసా గ్రంథం మన హైదరాబాదుకూ కొత్తది కాదు. అబ్దుల్లా కుతుబ్ షా పాలనలో, 1647లో, సర్మద్ అనే ఫకీరు ఇక్కడికి వచ్చాడు. ఇరానులోని కాషాన్ యూద కుటుంబంలో పుట్టి, తర్వాత ముస్లిం అయిన కవి ఆయన. ఆయన వెంట అభయ్ చంద్ అనే హిందూ శిష్యుడు ఉన్నాడు. 'దబిస్తానె మజాహిబ్' అనే ఫారసీ గ్రంథం వ్రాసిన రచయిత వారిని ఇక్కడే కలుసుకుని, యూద మతం సంగతులు సర్మద్ దగ్గర విని వ్రాసుకున్నాడు. అభయ్ చంద్ తౌరాత్ మొదటి భాగాన్ని ఫారసీలోకి అనువదించగా, దానిని తన గ్రంథంలో చేర్చాడు. యూద పుట్టుక గల ముస్లిం గురువు, హిందూ శిష్యుడు, గోలకొండ రాజ్యంలో కూర్చుని మూసా గ్రంథం మీద పని చేశారన్నమాట. తర్వాత ఔరంగజేబు కాలంలో ఢిల్లీలో సర్మద్‌కు మరణశిక్ష పడింది. జామా మసీదు దగ్గర ఆయన దర్గా ఉంది.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం అనే ఊరుంది. అక్కడ కొద్ది తెలుగు కుటుంబాలు 1980ల నుంచి యూద మతాచారాలు పాటిస్తూ, తమను బెనె ఎఫ్రాయిము అని చెప్పుకుంటున్నారు. మాదిగ పల్లెల నుంచి వచ్చినవారు వీరు. తరతరాలు అంటరానితనం అనుభవించినవారికి, బానిసత్వం నుంచి బయటకు నడిపించిన మోషే కథ తమ కథలాగే తోచడంలో ఆశ్చర్యం లేదు. ఇక మన భాషలో ఖుర్ఆన్ షరీఫ్‌ను మొదటగా అందించినవారు పండితులు చిలుకూరి నారాయణరావు గారు. ఒక హిందూ విద్వాంసుని కలం ద్వారా మూసా కథ ఖుర్ఆన్ రూపంలో తెలుగువారి చేతికి వచ్చింది.

ముహర్రం పదో తేదీ ఆషూరా అనగానే మన నగరంలో కర్బలా త్యాగం, డబీర్‌పురా నుంచి సాగే బీబీ కా ఆలం గుర్తుకొస్తాయి. అదే దినాన మూసాకు విమోచనం కలిగిందని మదీనా యూదులు ఉపవాసం ఉండగా, మూసాకు మేము మరింత దగ్గరివాళ్ళం అని మన ప్రవక్త ముహమ్మద్ (స) కూడా ఉపవాసం పాటించారని హదీసు. జాలిముకు లొంగని ఇద్దరి జ్ఞాపకం ఒకే దినాన కలిసింది.

మూసీ చెప్పే పాఠం

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. వేలమంది కొట్టుకుపోయారు, మృతులు 15,000 అని ఒక అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బ్రతికారని ఈనాటికీ చెప్పుకుంటాం. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రిలో ఉంది. చెట్టు కథ అందరికీ తెలుసు. ఆ తర్వాత జరిగిన పని కొందరికే తెలుసు. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టారు, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయినాయి. చెట్టు ఒక రాత్రి 150 మందిని కాపాడింది. లెక్కలు, ఆనకట్టలు, నిబంధనలు కొన్ని తరాలను కాపాడాయి.

ఆ రెండు చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల దాకా, 84 గ్రామాల్లో, నిర్మాణాలపై ఆంక్షలు పెడుతూ 1996లో 111 నంబరు జీవో వచ్చింది. 2022లో ఇంకొక జీవోతో ఆ ఆంక్షలు ఎత్తివేశారు. ఈ రెంటి నడుమ 2020 అక్టోబరులో కురిసిన వానలకు పాతబస్తీ కాలనీలు ఎన్నో మునిగాయి. నీరు తన దారి మరిచిపోదు, మనమే మరిచిపోతాం. పిట్టగోడ కట్టమన్న ఆజ్ఞకు, వాగు దారిలో ఇల్లు కట్టవద్దన్న నియమానికి మూలం ఒక్కటే: నీ కట్టడం వల్ల ఇంకొకడి ప్రాణం పోరాదు.

సోదర సోదరీమణులారా! అద్భుతం మన చేతిలో లేదు. అది అల్లాహ్ చిత్తం. చట్టం పాటించడం మన చేతిలో ఉంది. కృష్ణానగర్ అడ్డా మీద పొద్దున్నే పని కోసం నిలబడేవారిని, మన ఇళ్ళలో పని చేసే ఆడవాళ్ళను చూస్తున్నాం. వారి కూలి రేపు చూద్దాం, నెలాఖరున చూద్దాం అని ఆపేవారు మనలో లేరా? చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న మన ప్రవక్త (స) మాట, పొద్దు గూకక ముందే ఇవ్వమన్న మూసా శాసనం ఒకే దీపం నుంచి వచ్చిన వెలుగు. తండ్రి పోగానే అక్కచెల్లెళ్ళను రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్ళి, చీరా సారె పెట్టి, హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించే ఇళ్ళు లేవా? ఖుర్ఆన్ షరీఫ్ ఆడబిడ్డ వాటాను లెక్కగట్టి చెప్పింది. ఆ అయిదుగురు అక్కచెల్లెళ్ళు సభలో నిలబడి అడిగారు. మన చెల్లెళ్ళు అడగకపోతే అది వారి మంచితనం, మన హక్కు కాదు.

అందుచేత మాదొక చిన్న మనవి. ఈ ఏడు పిల్లలకు మూసా కథ చెప్పేటప్పుడు సముద్రం దగ్గర ఆపకండి. అవతలి గట్టుకు కూడా తీసుకెళ్ళండి. కర్ర పామైన సంగతి చెప్పిన నోటితోనే కూలి సంగతీ, తూకం సంగతీ, ఆడబిడ్డ వాటా సంగతీ చెప్పండి. చెప్పేముందు ఆ సాయంత్రం మన ఇంటి పనివారికి బాకీ ఉన్న కూలి చేతిలో పెట్టి చెప్పండి. అప్పుడు పిల్లలు వింటారు.

అల్లాహ్ మనందరికీ ఆ బుద్ధి ప్రసాదించుగాక. ఆమీన్.